పిట్ట లేదా, వినపడలేదా: సీజనల్ ఫీల్డ్ పనిలో ఒక కేసు

పక్షుల పరిశోధన ప్రాజెక్టుల్లో సీజన్‌కి మనుషుల్ని తీసుకోవడం, వాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడం, సీజన్ మధ్యలో వచ్చే తలనొప్పులు చూసుకోవడం నా పని. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, క్రూలో ఒకరి పిట్టల లెక్కలు తక్కువ వస్తే అందరం ముందు వాళ్ళ శ్రద్ధనే అనుమానిస్తాం. ఆ అనుమానం తేలకముందే మూడు నెలల కాంట్రాక్టు అయిపోతుంది, ఆ మనిషికి తర్వాతి సీజన్ ఎవరూ పని ఇవ్వరు. ఇక్కడ అలా జరగలేదు, దానికి డేటా షీట్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక కాలమ్ సాయపడింది. మనిషిని, ప్రాజెక్టుని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. అతను చదివి సరేనన్నాకే ఇది బయటపెడుతున్నాను.

నేపథ్యం

పైన్, ఫర్ లాంటి సూది ఆకుల చెట్ల అడవి, గూళ్ళు కట్టే కాలం. చిన్న క్రూ. కొందరు పాయింట్ కౌంట్లు చేస్తారు, కొందరు గూళ్ళు వెతుకుతారు. అందరి మీదా ఒక క్రూ లీడర్ ఉంటారు, వాళ్ళంతా ఎప్పటికప్పుడు నాతో మాట్లాడుతుంటారు.

ఈ పని తెలియనివాళ్ళకి పాయింట్ కౌంట్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, పొద్దెక్కి పాటలు తగ్గేలోపు ముగించాలి. ముందే గుర్తుపెట్టిన చోట కదలకుండా నిలబడి, నిర్ణీత నిమిషాలపాటు, కనిపించిన పిట్టనీ వినిపించిన పిట్టనీ రాసుకోవాలి, అది ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యాలి. మా షీట్‌లో దూరానికి 25 మీటర్లలోపు, 50 లోపు, 100 లోపు, ఆపైన అని గళ్ళుంటాయి. దట్టమైన అడవిలో కళ్ళకి దొరికేది తక్కువ, షీట్‌లోకి ఎక్కేవాటిలో చాలామటుకు చెవితో పట్టినవే.

మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఉత్తర అమెరికాలో 1966 నుంచి నడుస్తున్న బ్రీడింగ్ బర్డ్ సర్వేలో ఒక్కో రూట్‌కి 50 స్టాపులు, ఒక్కో స్టాపులో 3 నిమిషాలు లెక్కపెడతారు. ఆ డేటాతో పిట్టలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని తేల్చేవాళ్ళు లెక్కపెట్టిన మనిషి ఎవరన్నదాన్ని కూడా తమ గణాంకాల మోడల్‌లో పెడతారు, ఒక మనిషి మొదటి ఏడాది తక్కువ పట్టే సంగతిని కూడా కలుపుతారు. ఏళ్ళ తరబడి వందల మంది ఉన్న సర్వేలో అది కుదురుతుంది. ఒక్క సీజన్, చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగే మనుషులు ఉన్న చోట ఒకరి తేడా మొత్తం ఫలితాన్నే లాగేస్తుంది.

మన కేసులో మనిషికి ముప్పై దాటలేదు. పిట్టలంటే పిచ్చి ఇష్టం. అంతకుముందు కొన్నేళ్ళు అడవుల్లోనే వేరే పనులు చేశాడు, పాయింట్ కౌంట్ల ఉద్యోగం మాత్రం ఇదే మొదటిది. దానికోసం ఊరు, ఇల్లు వదిలి వచ్చాడు. సీజనల్ ఉద్యోగానికి వచ్చేవాళ్ళలో చాలామంది పరిస్థితి అదే: బస ప్రాజెక్టు ఇచ్చేదే, జీతం అంతంత మాత్రం, చేతికి వచ్చే అసలు ఆస్తి సీజన్ చివర ఇచ్చే సిఫారసు ఉత్తరం. మధ్యలో తీసేస్తే జీతం పోతుంది, బస పోతుంది, ఉత్తరం కూడా పోతుంది.

సమస్య

సీజన్ మొదలైన కొద్ది వారాలకి క్రూ లీడర్ షీట్లన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇతను రాసిన పిట్టలు, పక్కనే అలాంటి అడవిలో తిరిగే మిగతావాళ్ళు రాసినవాటిలో సగం కూడా లేవు. కొన్ని జాతులైతే దాదాపు కనిపించనే లేదు. ఆ జాతులు అక్కడ దండిగా ఉన్నాయి, ఏ చెట్టు కింద నిలబడ్డా వినపడేవే.

లీడర్ ఫోన్ చేసి చెప్పిన మాట: "పొద్దున్నే నిద్రమత్తులో నిలబడి వస్తున్నాడండీ. ఇంకో మనిషిని చూద్దాం." ఆ కోపం నాకు అర్థమైంది. చీకట్లో లేచి మిగతావాళ్ళంతా ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తున్నప్పుడు ఒకరి షీట్ ఖాళీగా వస్తే ఎవరికైనా మండుతుంది. కానీ అతని జీపీఎస్ ట్రాక్ చూస్తే ప్రతి పాయింట్‌కీ వేళకి వెళ్ళాడు, పూర్తి సమయం నిలబడ్డాడు. మత్తులో ఉన్నవాడి ట్రాక్ అంత శుభ్రంగా ఉండదని నాకు అనిపించింది. అనిపించడం ఒక్కటే చాలదు కాబట్టి కొంచెం ఆగుదామన్నాను.

మొదట చేసినవి, అవి ఎందుకు పనికిరాలేదు

ముందు చేసింది మళ్ళీ ట్రైనింగ్. ఖర్చు లేదు, ఎవరికీ అవమానం లేదు, కొత్త మనిషి కాబట్టి పాటలు సరిగా రాలేదేమో అనుకోవడం సబబే. సాయంత్రాలు లాప్‌టాప్‌లో రికార్డింగులు పెట్టి పరీక్షలు పెట్టారు. అన్నీ సరిగ్గా చెప్పాడు. ఏ పాట ఏ పిట్టదో, ఏది పిలుపో ఏది హెచ్చరికో గడగడా చెప్పేశాడు. దాంతో లీడర్ అనుమానం ఇంకా ముదిరింది: ఇంట్లో ఇంత బాగా వచ్చినవాడికి అడవిలో ఎందుకు రావు, మనసు పెట్టకపోతే తప్ప?

తర్వాత ఒక అనుభవజ్ఞురాలిని అతనికి జోడీగా పంపారు. పక్కపక్కన నిలబడ్డ రోజుల్లో అతని లెక్కలు పెరిగాయి. మళ్ళీ ఒంటరిగా పంపితే యథాతథం. ఇది కూడా అతనికి వ్యతిరేకంగానే కనిపించింది, ఎవరైనా చూస్తుంటేనే పనిచేస్తాడన్నట్టు. ఆమెని విడిగా అడిగితే ఒక చిన్న సంగతి చెప్పింది. ఆమె ఎటు తల తిప్పితే అతనూ అటే తిరిగి బైనాక్యులర్ ఎత్తేవాడట. అంటే పిట్టని ఆమె తల చూసి పట్టుకుంటున్నాడు. అందులో మోసమేమీ లేదు, ఎక్కువ వినేవాళ్ళ పక్కన నిలబడ్డ ఎవరైనా తెలియకుండానే చేసే పని అది.

ఆ మాట దగ్గర నేను మూడు కారణాలు పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో కారణమే నిజమైతే షీట్ ఎలా ఉండాలో ఆలోచించాను. శ్రద్ధ లేకపోవడమే కారణమైతే అన్ని జాతులూ ఒకేలా తగ్గాలి, పొద్దెక్కి అలసిపోయాక చేసిన పాయింట్లలో ఇంకా తగ్గాలి. గుర్తుపట్టలేకపోవడమే కారణమైతే 'తెలియని పిట్ట' అన్న గడి నిండాలి, లేదా ఒకేలా పాడే రెండు జాతులు తారుమారు కావాలి. విని పోల్చుకోలేనివాడు ఏదో ఒకటి రాస్తాడు కదా. అతని షీట్లలో ఆ గడి దాదాపు ఖాళీ. మూడోది, అసలు వినపడకపోవడం. అదే కారణమైతే తగ్గుదల పాట స్థాయిని, అంటే అది ఎంత సన్నని గొంతన్నదాన్ని బట్టి ఉండాలి, దూరాన్ని బట్టి కూడా ఉండాలి. ఎందుకంటే ఎంత సన్నని శబ్దమైతే గాలి, ఆకులు దాన్ని అంత త్వరగా మింగేస్తాయి. దగ్గరున్నది వినపడుతుంది, కాస్త జరిగితే మాయమవుతుంది.

జాతుల్ని వాటి పాట ఫ్రీక్వెన్సీ (అంటే ఆ స్థాయి) ప్రకారం పేర్చి, దూరం కాలమ్ పక్కన పెట్టాం. కోకిల జాతి పిట్టలు, పావురాలు ఒక కిలోహెర్ట్జ్ లోపు పాడతాయి, వాటిలో ఇతను ఎవరికీ తీసిపోలేదు. వడ్రంగిపిట్టల్లో అందరికంటే ముందున్నాడు. థ్రష్ జాతి పిట్టల్లో మామూలే. పైకి వెళ్ళేకొద్దీ తేడా మొదలైంది. గోల్డ్‌క్రెస్ట్ లాంటివి, ఆరు గ్రాములు తూగని పిట్టలు, 7, 8 కిలోహెర్ట్జ్ దగ్గర సూదిలా సన్నగా పాడేవి, అవి అతని షీట్‌లో ఎక్కడ ఉన్నా 25 మీటర్లలోపు గడిలోనే ఉన్నాయి. మిగతావాళ్ళకి అవే పిట్టలు తర్వాతి గడుల్లో కూడా బోలెడు. బద్ధకం ఫ్రీక్వెన్సీ చూసి రాదు.

లాప్‌టాప్ పరీక్ష ఎందుకు మోసం చేసిందో అప్పుడు తెలిసింది. హెడ్‌ఫోన్లలో వాల్యూమ్ పెంచుకోవచ్చు, తెర మీద స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే గీత, కళ్ళ ముందు కదులుతుంటుంది, పైగా రికార్డింగ్ తీసినవాళ్ళు పిట్టకి దగ్గరగా వెళ్ళి తీసినవే ఎక్కువ. ఆ పరీక్ష అతనికి పాటలు తెలుసని రుజువు చేసింది. అడవిలో వినపడతాయో లేదో దానికి తెలిసే వీలు లేదు.

అడవిలో చూసింది, మాట్లాడింది

అనుమానం వచ్చాక దాన్ని అతనికి చెప్పకుండా చూడటం నాకు ఇష్టం లేదు. ముందే చెప్పాను: లెక్కల్లో ఒక తేడా కనిపిస్తోంది, అది ఏ దూరంలో మొదలవుతుందో కలిసి చూద్దామా అని. ఒప్పుకున్నాడు. ఒక పొద్దున్న చెట్టు కొసన ఆగకుండా పాడుతున్న పిట్టని ఎంచుకుని, దూరం నుంచి మెల్లగా అటు నడిచాం. వినపడగానే చెయ్యెత్తమన్నాను. నాకు మొదటి అడుగు నుంచీ వినపడుతూనే ఉంది. అతను చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టి నడుస్తున్నాడు. దాదాపు ఆ చెట్టు మొదలు దాకా వచ్చాక చెయ్యెత్తాడు. కొమ్మ మీద పిట్ట గొంతు అదరడం అంతకుముందే బైనాక్యులర్‌లో చూశాడట, పాట మాత్రం అప్పుడే వచ్చిందన్నాడు.

క్రూ ముందు కాకుండా, దారిలో మేమిద్దరమే ఉన్నప్పుడు మాట్లాడాం. "వినపడట్లేదని నాకెప్పుడూ అనిపించలేదండీ. అక్కడ ఏమీ లేదనే అనుకున్నా" అన్నాడు. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. వినపడని శబ్దం ఖాళీలా అనిపించదు, అక్కడేదో తప్పిపోయిందన్న గుర్తు కూడా ఉండదు. మాటలు అర్థం కావడానికి కావలసిన శబ్దాల్లో ఎక్కువ భాగం 4 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి, రోజువారీ సంభాషణలో ఏ ఇబ్బందీ రాదు. ఇంతకుముందు చేసిన పనేంటో మాటల్లో బయటపడింది: చెవులకి ఏ రక్షణా లేకుండా కొన్నేళ్ళు చెయిన్‌సా పట్టుకుని చెట్లు కోసే పని.

చెవి పరీక్ష చేయించుకోవడం అతని ఇష్టానికే వదిలేశాను, ఖర్చు మాత్రం ప్రాజెక్టు పెట్టుకునేలా చూశాను. రిపోర్టు ఇమ్మని అడగలేదు. ఇది చాలామంది కోఆర్డినేటర్లు పట్టించుకోని విషయం, నాకు మాత్రం చాలా గట్టి అభిప్రాయం ఉంది: మనకి తెలియాల్సింది ఈ మనిషి ఏ పని చెయ్యగలడన్నదే, అతని ఆరోగ్యం ఫైలు కాదు. అతనే చూపించాడు. మామూలు పరీక్ష 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా చూస్తుంది. గీత కింది స్థాయిల్లో మామూలుగా ఉండి, 4000 దగ్గర నుంచి జారిపోయింది, రెండు చెవుల్లోనూ.

ఇక ఏం చెయ్యాలి

సీజన్ సగంలో ఉన్నాం. నిర్ణయం వారంలోపు జరగాలి, ఎందుకంటే గూళ్ళ కాలం మనకోసం ఆగదు.

మొదట పరికరం గురించి ఆలోచించాం. సన్నని పాటల స్థాయిని దించి వినిపించే పరికరాలున్నాయి, ప్రకృతి శబ్దాలు రికార్డు చేసే లాంగ్ ఇలియట్ ఈ దారిలో చాలా కృషి చేశారు. ఒకటి తెప్పించి ఇచ్చాం. పెట్టుకున్న మొదటి పొద్దున్న అతని ముఖం చూడాల్సింది, అడవంతా పిట్టలే అన్నాడు. సంతోషం వేరు, లెక్క వేరు. స్థాయి దించిన పాట కొత్త పాటే, మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. దూరం అంచనా పూర్తిగా తప్పింది, ఎందుకంటే శబ్దం ఎంత మెత్తగా వస్తోందన్నదాన్ని బట్టే కదా మనం దూరం అంచనా వేసేది, ఇప్పుడు ఆ బిగ్గరతనం యంత్రం చేతిలో ఉంది. సీజన్ మధ్యలో పరికరం పెట్టుకుంటే డేటాలో అతను ఇంకో కొత్త మనిషి అవుతాడు. మొదటి రోజు నుంచీ దానితోనే ట్రైనింగ్ తీసుకుని మొదలుపెట్టేవాళ్ళకి అది బాగా పనికొస్తుందని నా నమ్మకం. మాకు అప్పుడు పనికిరాలేదు.

డేటా విశ్లేషణ చూసేవారు రెండో దారి చెప్పారు: అతన్ని అలాగే ఉంచుదాం, తేడాని మోడల్‌లో సరిచేద్దాం. పిట్ట ఉన్నా లెక్కలోకి రాకపోవడాన్ని అంచనా వెయ్యడానికి మంచి పద్ధతులే ఉన్నాయి, 2000లో వచ్చిన ఇద్దరు పరిశీలకుల పద్ధతి, 2002లో వచ్చిన, మొదట వినపడిన సమయాన్ని బట్టి లెక్క కట్టే పద్ధతి. కానీ అవి కొంతైనా వినపడేచోటే పనిచేస్తాయి. 25 మీటర్ల అవతల వినపడే అవకాశం సున్నాకి దగ్గరగా ఉంటే సరిచెయ్యడానికి చేతిలో ఏముంది? ఒకటీ అరా పిట్టని పట్టుకుని వంద ఊహించడమే అవుతుంది.

మూడో దారి లీడర్ మొదట చెప్పినదే, తీసెయ్యడం. దానికి నేను ఒప్పుకోకపోవడానికి జాలి ఒక్కటే కారణం కాదు. వడ్రంగిపిట్టల్ని అందరికంటే ఎక్కువ పట్టినవాడి కళ్ళు, ఓపిక మామూలువి కావు. ఆ రెండూ గూళ్ళు వెతికే పనికి కావలసినవే.

పనిచేసింది

పనులు మార్చాం. గూళ్ళ బృందంలో మంచి చెవి ఉన్న ఒకామెని కౌంట్లకి, ఇతన్ని గూళ్ళకి. ఇది కాగితం మీద ఉన్నంత తేలిక కాదు, ఎందుకంటే ఆమె గూళ్ళ పని నేర్చుకోవడానికే ఈ ఉద్యోగానికి వచ్చింది. ఆమెకి కారణం చెప్పలేం, అది అతని సొంత విషయం. "కౌంట్లకి నీలాంటి చెవి కావాలి, ఇష్టం లేకపోతే వద్దను, వేరే దారి చూస్తాను" అని మాత్రం చెప్పాను, మధ్యాహ్నాలు ఆమె గూళ్ళ దగ్గరికి వెళ్ళేలా ఏర్పాటు చేశాం. ఒప్పుకుంది. తర్వాత కొద్ది రోజులకి అతనే అందరికీ తన సంగతి చెప్పేసుకున్నాడు, క్రూలో ఉన్న టెన్షన్ చాలావరకు దాంతో పోయింది.

మార్చేముందు కొన్ని పొద్దున్నలు ఇద్దరినీ ఒకే పాయింట్‌లో, వీపులు తిప్పుకుని, మాట్లాడుకోకుండా, ఎవరి షీట్ వాళ్ళు నింపేలా నిలబెట్టాం. తల తిప్పడం కనిపించకూడదని వీపులు తిప్పించాం. ఏ జాతి ఎంత దూరంలో అతనికి అందుతుందో దాంతో తేలింది. అతను ముందు చేసిన పాయింట్లలో రికార్డర్లు పెట్టాం, సెకనుకి 48 వేలసార్లు శబ్దాన్ని కొలిచే శాంపిల్ రేటుతో. శాంపిల్ రేటులో సగం ఫ్రీక్వెన్సీ దాకానే శబ్దం నమోదవుతుంది, బ్యాటరీ మిగుల్చుకుందామని దాన్ని మరీ తగ్గిస్తే మనకి కావలసిన పాటలే పోతాయి. ఆ రికార్డింగులు పాత తేదీల లెక్కల్ని తిరిగి తేలేవు, ఆ జాతులు అక్కడ ఉన్నాయన్నది మాత్రం రుజువు చేశాయి.

ఇక పాత డేటా. విశ్లేషకులు ఇప్పుడు అటు చివరికి వెళ్ళి, అతని షీట్లన్నీ పక్కన పడేద్దామన్నారు. నేను గట్టిగా వాదించాను. కింది స్థాయి జాతుల్లో అతని లెక్కలు ఎవరి లెక్కలంత నమ్మదగినవో అంతే నమ్మదగినవి. వాటిని ఉంచాం. పై స్థాయి జాతులకి 25 మీటర్ల అవతలి గడుల్ని ఖాళీ చేసి, ఎందుకు ఖాళీనో పక్కనే రాశాం. సున్నా వెయ్యలేదు. సున్నా అంటే వెతికాం, లేదు అని. ఖాళీ అంటే అక్కడ ఎవరూ వినలేదు అని. ఈ రెంటినీ కలిపేస్తే, ఆ అడవిలో ఆ చిన్న పిట్టలు తగ్గిపోయాయని రిపోర్టు వెళ్ళేది, దాన్ని నమ్మి ఎవరో ఒకరు అడవి నిర్వహణ మీద నిర్ణయం తీసుకునేవారు.

గూళ్ళ పనిలో అతను ఎలా చేశాడో కొంచెం చెప్పాలి. పొదలు కదిలించి వెతికేవాళ్ళకి గూళ్ళు దొరకవు, దొరికినా పిట్ట వదిలేసి పోవచ్చు. దూరంగా కూర్చుని, ముక్కున నాచు పట్టుకున్న ఆడపిట్ట ఎటు వెళ్తోంది, ఖాళీ ముక్కుతో ఎటు నుంచి వస్తోంది అని చూడాలి. ఇతను కదలకుండా కూర్చునేవాడు. కట్టుబడిలో ఉన్న గూళ్ళే ఎక్కువ పట్టాడు, వాటి విలువ ఎక్కువ. త్వరగా పాడైపోయిన గూళ్ళు మన కంట పడకుండానే పోతాయి కాబట్టి, దొరికిన గూళ్ళలో ఎన్ని గట్టెక్కాయో అని లెక్కిస్తే ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. పక్షి పరిశోధకుడు మేఫీల్డ్ 1961లో చెప్పింది అదే. గూడు ఎన్ని రోజులు మన పరిశీలనలో ఉందో ఆ రోజుల మీద లెక్క కట్టాలన్నారు. ముందే దొరికిన గూడు ఆ రోజుల్ని పెంచుతుంది. గూడు దగ్గరికి ప్రతిసారీ ఒకే దారిన వెళ్ళకపోవడం, కాకి జాతి పిట్ట చూస్తుంటే గూటి వైపు వెళ్ళకపోవడం లాంటి నియమాలు అతనికి చెప్పే పనే పడలేదు.

అన్నీ బాగున్నాయని కాదు. పిల్లలు మేత కోసం చేసే సన్నని అరుపులు అతనికి అందవు, కొన్ని జాతుల హెచ్చరిక పిలుపులు కూడా అంతే. కాబట్టి పిల్లలున్న దశలో వెళ్ళే తనిఖీలకి జోడీగా ఇంకొకరు ఉండేలా చూశాం. ఆ దశలో అతను ఒంటరిగా వెతికిన చోట్ల కొన్ని గూళ్ళు తప్పిపోయి ఉంటాయి, అది కూడా నోట్స్‌లో రాసిపెట్టాం.

నేర్చుకున్నవి, మార్చినవి

ట్రైనింగ్ వారంలో అందర్నీ ఒకే పాయింట్‌లో నిలబెట్టి కౌంట్ చేయించడం చాలా ప్రాజెక్టుల్లో ఉన్నదే. దాని ఫలితాన్ని మొత్తం ఎన్ని పిట్టలు అని చూసి వదిలేస్తారు. ఇప్పుడు మేం జాతి స్థాయి, దూరం రెండింటి ప్రకారం విడగొట్టి చూస్తున్నాం, అందరికీ, అనుభవం ఉన్నవాళ్ళకి కూడా. వయసుతో వినికిడి పై నుంచే తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఇరవై ఏళ్ళు కౌంట్లు చేసిన పెద్దవాళ్ళ దగ్గర ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళని ఎవరూ అనుమానించరు, అదే చిక్కు. ఒక్కరినే పిలిచి పరీక్ష పెడితే అవమానం, అందరికీ ఒకే పరీక్ష అయితే అది పని పద్ధతి. ఆరోగ్యం గురించి ఎప్పుడు ఏం అడగొచ్చన్నది ఒక్కో దేశపు చట్టాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఫారం తయారుచేసేముందు అది తెలిసినవాళ్ళకి చూపించాలి.

ఉద్యోగ ప్రకటనల మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. 'పిట్టల పాటలు చెవితో గుర్తించగలగాలి' అన్న వాక్యం పాయింట్ కౌంట్ ఉద్యోగానికి న్యాయమైనదే. దాన్నే గూళ్ళ పనికి, రింగింగ్‌కి (పిట్టల కాళ్ళకి గుర్తు రింగులు తొడిగే పనికి), రేడియో ట్యాగ్ ఉన్న పిట్టల్ని వెంబడించే పనికి కూడా అతికించేస్తున్నారు. దాంతో ఆ పనులు బ్రహ్మాండంగా చెయ్యగలిగినవాళ్ళు దరఖాస్తే పెట్టరు. మా ప్రకటనల్లో ఏ పనికి ఏది కావాలో విడివిడిగా రాస్తున్నాం. చెయిన్‌సా, జనరేటర్, డ్రిల్ లాంటివాటి దగ్గర పనిచేసే క్రూకి చెవి రక్షణ తప్పనిసరి చేశాం. పిట్టల ప్రాజెక్టుల్లో దారులు చెయ్యడానికి, వలలకి గుంజలు పాతడానికి ఇవన్నీ వాడేవే.

సిఫారసు ఉత్తరం దగ్గర చాలాసేపు ఆలోచించాను. వినికిడి గురించి ఒక్క ముక్క రాయలేదు, అది చెప్పాలా వద్దా అన్నది అతని హక్కు. అలాగని కౌంట్లలో కూడా దిట్ట అని రాస్తే అది అబద్ధం, తర్వాతి ప్రాజెక్టుకి చేటు. గూళ్ళు వెతకడంలో, రికార్డులు రాయడంలో, తోటివాళ్ళతో మెలగడంలో అతను చేసినవి ఉదాహరణలతో రాశాను, ఆ పనులకే సిఫారసు చేస్తున్నానని స్పష్టంగా పెట్టాను. ఏం రాస్తున్నానో ముందే చదివి వినిపించాను. తర్వాతి సీజన్ ఒక గూళ్ళ ప్రాజెక్టులో చేరాడు. చేరేముందు వాళ్ళని తనే అడిగాడట, ఇందులో కౌంట్లు ఏమైనా ఉన్నాయా, ఉంటే నాకు పై స్థాయి పాటలు వినపడవు, ఆ పని వేరేవాళ్ళకి ఇవ్వగలరా అని. ఇవ్వగలమన్నారు.